జామతోటలో బెరడు తినే పురుగు: కార్తెల వారీగా ప్రాజెక్టు డైరీ

తోట రంగారెడ్డి జిల్లా వైపు ఎర్ర చెల్క నేల. పాత లక్నో-49 జామ, చెట్టుకూ చెట్టుకూ 6 మీటర్ల ఎడం. ఆ లెక్కన ఎకరాకు సుమారు 110 చెట్లు. ఉత్తరం గట్టు మీద నల్లతుమ్మ, రెండు నేరేడు చెట్లు, మోటారు షెడ్డు పక్కన మునగ, దారి వెంట ఎర్ర తురాయి చెట్లు. వీటన్నిటినీ ముందే రాయడానికి కారణం ఉంది. ఇవన్నీ ఆ పురుగుకు ఇళ్లే.

పురుగు పేరు ఇందర్బెలా క్వాడ్రినొటాటా. దానికి దగ్గరి చుట్టం ఇందర్బెలా టెట్రావోనిస్. పాత పుస్తకాల్లో వెతికేవాళ్లు అర్బెలా అనే పేరు కింద కూడా చూడాలి. రెండూ భారత ఉపఖండంలో పుట్టి పెరిగిన రెక్కల పురుగులే, ఎక్కడి నుంచో వచ్చి పడ్డవి కావు. రెండూ ఒకే రకం చెట్ల మీద బతుకుతాయి, తోట పనికి వాటి మధ్య తేడా పట్టించుకోనక్కర్లేదు. జామ, మామిడి, నేరేడు, రేగు, ఉసిరి, దానిమ్మ, మునగ, తుమ్మ, సరుగుడు, శ్రీగంధం, తురాయి, ఇలా డెబ్బైకి పైగా చెట్ల మీద దీన్ని నమోదు చేశారు.

పెట్టుకున్న పని ఒకటే. చెట్టంతా మందు కొట్టకుండా, రంధ్రం రంధ్రానికీ వైద్యం చేసి ఒక తరాన్ని తగ్గించడం. ఈ పురుగుకు ఏడాదికి ఒక్కటే తరం. అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఏడాదికి నాలుగైదు తరాలు పెరిగే పురుగుతో ఇలా చేతిపని పెట్టుకుంటే మనిషి ఓడిపోతాడు.

చిత్త కార్తె: ఏది ఏమిటో తేల్చుకోవడం

వానలు వెనక్కి తగ్గి బెరడు ఆరిన ఈ సమయంలో పురుగు ఉన్న చోటు బాగా కనిపిస్తుంది. వేసవి చివర పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పురుగులు ఇప్పటికి కొంచెం ఎదిగి, కొమ్మ చీలిన చోట రంధ్రం చేసుకుని, అక్కడి నుంచి బెరడు మీదుగా గోధుమ రంగు పట్టీ కట్టుకుంటూ పోయి ఉంటాయి. ఆ పట్టీ అంటే పట్టుదారంతో అతికించిన చెక్కపొడి, బెరడు ముక్కలు, పురుగు పెంట. దాని కిందే పురుగు రాత్రిపూట తిరుగుతూ బెరడు తింటుంది. పగలంతా రంధ్రంలో ఉంటుంది. చెక్కలో తొలిచిన సొరంగం దానికి నివాసం మాత్రమే, అసలు తిండి బెరడు.

దీన్ని చెదలు అనుకోవడం చాలా తోటల్లో జరిగే పొరపాటు. చెదలనుకుని పాదులో క్లోరిపైరిఫాస్ పోస్తారు. పురుగు పైన కొమ్మ చీలికలో ఉంటే వేరు దగ్గర మందు ఏం చేస్తుంది? తేడా చేత్తో తెలుసుకోవచ్చు. చెదల గూడు మట్టి. నేల నుంచి పైకి ఎక్కుతుంది, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది. ఇందర్బెలా పట్టీ మట్టి కాదు. ఒక అంచు పట్టి మెల్లగా లాగితే గుడ్డపీలికలా లేచి వస్తుంది. తిప్పి చూస్తే లోపలి వైపు బూడిదరంగు పట్టు పొర నున్నగా ఉంటుంది, బయటి వైపంతా చెక్కపొడి గింజలు గరుగ్గా అంటుకుని ఉంటాయి. పట్టీ కింద బెరడు పై పొర పోయి, తడితడిగా ఎర్రటి మచ్చ కనిపిస్తే పురుగు నిన్న రాత్రి కూడా అక్కడ తిన్నదన్నమాట. ఆ మచ్చ ఎండిపోయి నల్లబడి ఉంటే పాతది.

ఇంకో రెండు పురుగులతో కూడా పొరబడే వీలుంది. జూజెరా కాఫియే అనే ఎర్ర కాండం తొలిచే పురుగు అరకు కాఫీలోనూ శ్రీగంధంలోనూ ఉంటుంది, జామనూ వదలదు. అది కూడా రెక్కల పురుగు జాతే, కానీ పట్టీ కట్టదు. సన్న రంధ్రం లోంచి గుండ్రటి పెంట గుళికలు బయటికి తోస్తుంది, అవి చెట్టు కింద కుప్పగా పడతాయి. పైన కొమ్మ ఒక్కసారిగా వాడిపోతుంది. మామిడి కాండం తొలిచేది పెంకు పురుగు పిల్ల. అది నార లాంటి చెక్కపొట్టు తోస్తుంది, రంధ్రం దగ్గర జిగురు కారుతుంది. ఈ మూడింటికీ కలిపి తెలుగులో 'కాండం తొలిచే పురుగు' అనే ఒకే పేరు వాడుతుంటాం. మందుల షాపులో ఆ పేరు చెబితే చేతికొచ్చే సీసా దేనికోసమో తెలియదు. పట్టీ ఉందా, గుళికలు ఉన్నాయా, నార పొట్టు ఉందా అనేది చూసి చెప్పాలి.

చెట్టు చెట్టుకూ చూడాల్సిన చోట్లు: ప్రధాన కాండం చీలిన కొన, దాని అడుగు భాగం, పాత కత్తిరింపు మోడు పక్కన, రెండు కొమ్మలు ఒరుసుకునే చోట. రంధ్రం ఎప్పుడూ పట్టీ మొదట్లో, మూలలో దాక్కుని ఉంటుంది. సెంటీమీటరు లోపే వెడల్పు. సాధారణంగా ఒక రంధ్రంలో ఒకే పురుగు. కానీ ఒకే చెట్టు మీద చాలా రంధ్రాలు ఉండొచ్చు, అందుకే ఒకటి దొరికింది కదా అని పక్క చెట్టుకు వెళ్లిపోకూడదు. ఉన్న ప్రతి రంధ్రానికీ కాండం మీద సున్నంతో చిన్న గీత పెట్టాం.

స్వాతి కార్తె: తుడిచి, చూసి, మూయడం

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ పని, ఎక్కువ ఫలితం ఇక్కడే.

మొదటి మెట్టు సాయంత్రం. పట్టీలన్నీ గోనెసంచి ముక్కతో గానీ కొబ్బరి పీచుతో గానీ శుభ్రంగా తుడిచేయాలి. ఇనప బ్రష్ వాడొద్దు. జామ బెరడు పలచన, బ్రష్ పళ్లు పచ్చి పొరలోకి దిగి కొత్త గాయాలు చేస్తాయి. ఆ గాయమే వచ్చే వేసవిలో గుడ్లు పెట్టే చోటవుతుంది.

రెండో మెట్టు మర్నాడు పొద్దున. ఏ రంధ్రం మూతి దగ్గర కొత్తగా పట్టు దారం, తాజా చెక్కపొడి కనిపిస్తుందో అందులో పురుగు బతికి ఉంది. ఏమీ లేకపోతే అది ఖాళీ రంధ్రం, మందు అక్కర్లేదు, మట్టితో మూస్తే చాలు. ఈ ఒక్క రాత్రి ఆగడం వల్ల పనీ మందూ రెండూ మిగులుతాయి. తొందరపడి ఒకే రోజు తుడిచి, ఒకే రోజు దూది పెట్టేవాళ్లు పాత, కొత్త రంధ్రాలన్నిటికీ పెడతారు. పైగా మూలలో దాగిన అసలు రంధ్రాన్ని వదిలేస్తారు. తాజా పట్టు దారమే ఆ రంధ్రాన్ని చూపించేది.

మూడో మెట్టు తీగ. సైకిల్ స్పోకు కొనను చిన్న కొక్కెంలా వంచి రంధ్రంలోకి దింపాలి. సొరంగం 15 నుంచి 25 సెంటీమీటర్లు, ఎక్కువగా లోపలికి కొద్దిగా పోయి కిందికి తిరుగుతుంది. స్పోకు తిన్నగా ఉంటే ఆ మలుపు దగ్గర ఆగిపోతుంది, పురుగు ఇంకా కిందే ఉంటుంది. అక్కడ బండి పాత క్లచ్ వైరు మంచిది, వంగుతూ పోతుంది. మెత్తగా తగిలి, తీగ కొనకు తడి అంటితే పురుగు చచ్చినట్టు. కొన్నిసార్లు కొక్కేనికి చిక్కి బయటికే వస్తుంది. పూర్తిగా ఎదిగినది 5–6 సెంటీమీటర్లు, మురికి గోధుమ రంగు, తల నల్లగా గట్టిగా ఉంటుంది.

నాలుగో మెట్టు తీగ అందని రంధ్రాలకు మాత్రమే. దూదిని చిన్న వత్తిగా చేసి పెట్రోలులో ముంచి, పిండి, లోపలికి నెట్టి, వెంటనే మట్టితో మూయాలి. రంధ్రానికి 2 మిల్లీలీటర్లు సరిపోతుంది, 100 మిల్లీలీటర్లతో యాభై రంధ్రాలు అవుతాయి. కిరోసిన్ కూడా పనికొస్తుంది గానీ ఇప్పుడు దొరకడమే కష్టం. చంపేది ద్రవం కాదు, ఆవిరి. కాబట్టి కారేలా పోయడం దండగ. దండగే కాదు, చెరుపు కూడా. కారిన పెట్రోలు రంధ్రం చుట్టూ పచ్చి బెరడును కాల్చి, నల్లటి వలయం చేస్తుంది. ఆ వలయం కొమ్మ చుట్టూ సగం దూరం పోతే పురుగు చేసే నష్టమూ మనం చేసే నష్టమూ ఒకటే. పనంతా పగలే చేయాలి. పగలు పురుగు లోపల ఉంటుంది. చీకటి పడ్డాక మూస్తే అది బయట తింటూ ఉండొచ్చు, అప్పుడు ఖాళీ ఇంటికి తాళం వేసినట్టే. చేతులకు తొడుగులు వేసుకోవాలి, చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. పెట్రోలు తాగేనీళ్ల సీసాలో పోసి తోటలో పెట్టడం అనే అలవాటు మానుకోవాలి.

పాత కరపత్రాల్లో ఈ పనికి డైక్లోరోవాస్ అనే పురుగుమందు రాసి ఉంటుంది. అది 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఎవరి దగ్గరైనా పాత సీసా మిగిలి ఉన్నా వాడకూడదు. చెట్టంతా తడిసేలా పురుగుమందు పిచికారీ చేయడం కూడా ఈ పురుగు మీద వృథా. పగలు అది చెక్క లోపల ఉంటుంది, రాత్రి పట్టీ కింద ఉంటుంది. పట్టు పొర మీద మందునీళ్లు పూసలు కట్టి జారిపోతాయి. నష్టం మాత్రం కాయకూ తేనెటీగలకూ.

మూసే మట్టి గురించి. రెండు పాళ్లు చెరువు బంకమట్టి, ఒక పాలు ఆవుపేడ, గుప్పెడు వరి ఊక. బంకమట్టి ఒక్కటే వాడితే ఎండకు బీటలిచ్చి రాలిపోతుంది. ఊక కలిస్తే పట్టు ఉంటుంది. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి, పలచనైతే ఆరేటప్పుడు కుంచించుకుని పక్కన సందు వస్తుంది. ఆ సందు చాలు ఆవిరి పోవడానికి.

విశాఖ కార్తె: మళ్లీ చూడటం

వారం తర్వాత అన్ని మూతలూ చూశాం. మట్టి మూత చెక్కుచెదరకుండా ఉంటే పని అయినట్టు. మూత మధ్యలో చిన్న చిల్లు, దాని చుట్టూ తాజా పొడి ఉంటే లోపల పురుగు బతికే ఉందనీ మట్టిని కొరుక్కుని బయటికి వచ్చిందనీ అర్థం. అలాంటివి దాదాపు అన్నీ కొమ్మ చీలిక అడుగు భాగంలోనివే. అక్కడ సొరంగం ముందు పైకి పోయి తర్వాత తిరుగుతుంది, వత్తి లోపలికి చేరదు, మట్టి కూడా బరువుకు జారుతుంది. వాటికి వత్తిని తీగ చివర చుట్టి లోపలికి నెట్టాలి, తీగ మెలి తిప్పి వెనక్కి లాగాలి. మట్టి మీద గోనె పీలిక చుట్టి పురికొసతో కట్టాలి.

తుడిచిన చోట బయటపడ్డ గాయాలకు బోర్డో పేస్టు పూశాం. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీటిలో, 100 గ్రాముల పొడి సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో పాత్రలో పోస్తూ కలపాలి. పాత్రలు ప్లాస్టిక్ గానీ మట్టివి గానీ, ఇనుముది వద్దు. శుభ్రమైన కొడవలి మొన ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పడితే సున్నం తక్కువైందని లెక్క, ఇంకొంచెం కలపాలి. కలిపిన రోజే వాడాలి. ఇది పురుగును చంపదు. గాయం మీద బూజు, కుళ్లు పట్టకుండా చూస్తుంది, అంచుల నుంచి కొత్త బెరడు కమ్ముకోవడానికి వీలిస్తుంది.

శ్రవణం కార్తె: గట్ల మీద చెట్లు

జామ వరకే చేసి ఆగితే సగం పనే. గట్టు మీద నల్లతుమ్మ బెరడు మందం, నిలువునా పగుళ్లు. పట్టీలు ఆ పగుళ్లలో కలిసిపోయి దూరం నుంచి కనపడవు. వేలితో తడుముతూ పోవాలి. నేరేడు చెట్టు మీద పట్టీలు పెద్దవి, చేతికి అందనంత ఎత్తులో కూడా ఉన్నాయి, నిచ్చెన తప్పదు. తురాయి చెట్లు మరీ ఘోరం. వాటిని ఎవరూ చూడరు, ఏళ్ల తరబడి ఒకే కొమ్మ చీలికలో పాత రంధ్రాల పక్కన కొత్త రంధ్రాలు పడుతూ ఉంటాయి. ఆ ఖాళీ రంధ్రాల్లో చీమలు చేరతాయి, వాననీరు నిలుస్తుంది, చెక్క కుళ్లుతుంది. గాలివానకు తురాయి కొమ్మలు విరిగిపడిన చోట చెక్క చూస్తే లోపల ఈ సొరంగాలే కనిపించడం మామూలు.

మునగది వేరే సంగతి. చెక్క మెత్తన, పురుగు త్వరగా లోతుకు పోతుంది, చెట్టు తట్టుకోలేదు. వైద్యం చేసేకంటే పురుగున్న కొమ్మను కిందికి నరికి కొత్త చిగురు తెచ్చుకోవడమే మంచిది. మునగ అంత తేలిగ్గా చిగురించే చెట్టు ఇంకోటి లేదు.

శ్రీగంధం పెంచేవాళ్లకు ఇక్కడ ఒక మాట. గంధం మొక్క పక్క చెట్ల వేర్ల మీద ఆధారపడుతుంది, అందుకని తోడుచెట్టుగా సరుగుడు వేస్తారు. సరుగుడు ఇందర్బెలాకు ఎంతో ఇష్టమైన చెట్టు, గంధం కూడా దానికి తిండే. తోడుచెట్టు నుంచి గంధానికి రెక్కల పురుగు రావడానికి రెండు మీటర్ల దూరం అడ్డేమీ కాదు. గంధం విలువంతా చేవలో ఉంటుంది, జామలో రంధ్రం పడితే దిగుబడి పోతుంది గానీ గంధంలో పడితే కలపే పోతుంది. అలాంటి తోటలో సరుగుడు కాండాలనూ గంధంతో సమానంగా చూడాలి.

ధనిష్ఠ కార్తె: కొట్టేయాల్సినవి

కొమ్మ చుట్టుకొలతలో సగం కంటే తక్కువ బెరడు పోతే చెట్టు పూడ్చుకుంటుంది, వదిలేయవచ్చు. చుట్టూ పూర్తిగా తినేస్తే ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగే దారి మూసుకుపోయి, మెల్లగా ఆ పై భాగం ఎండుతుంది. అలాంటి కొమ్మను గాయానికి ఒక జానెడు కింద, ఏటవాలుగా కోసి పేస్టు పూయాలి. మోడు వదలకూడదు. మోడు పక్కనే మళ్లీ గుడ్లు పడతాయి.

కోసిన కొమ్మలను గట్టు పక్కన పోగు పెట్టి వదిలేయడం పెద్ద తప్పు. ఈ కాలానికి పురుగు ఎదుగుదల దాదాపు పూర్తయి ఉంటుంది, దానికి ఇక తిండి పెద్దగా అవసరం లేదు. పోగులో ఉన్న కొమ్మలోనే కోశంగా (రెక్కలు రాకముందు, తిండి తినని దశ) మారి, వేసవిలో రెక్కల పురుగై తోటలోకే వస్తుంది. వంటచెరుకుగా వాడేవి ఉంటే ఏప్రిల్ లోపే పొయ్యిలోకి పోవాలి.

భరణి, కృత్తిక కార్తెలు: కోశం, రెక్కల పురుగు

పురుగు సొరంగం లోపలే కోశంగా మారుతుంది, ఆ దశ మూడు నాలుగు వారాలు. రెక్కల పురుగు వచ్చేముందు కోశం ముళ్ల సాయంతో రంధ్రం మూతి దాకా జరిగి వస్తుంది, పురుగు ఎగిరిపోయాక ఖాళీ డొల్ల సగం బయటికి పొడుచుకుని ఉండిపోతుంది. ఆ గోధుమ రంగు డొల్లలను వెతకడమే ఈ రెండు కార్తెల్లో పని. డొల్ల కనిపించిందంటే తోటలో గుడ్లు పడే రోజులు మొదలయ్యాయని తెలుసుకోవాలి.

రెక్కల పురుగు లేత గోధుమ రంగు, ముందు రెక్కల మీద ముదురు మచ్చలు. రెక్కలు విప్పితే దాదాపు 4 సెంటీమీటర్లు. బతికేది కొద్దిరోజులే. పగలు బెరడు మీద కూర్చుంటే పక్కనే ఉన్నా పోల్చుకోలేం. ఆడ పురుగు బెరడు పగుళ్లలో 15–25 గుడ్ల చొప్పున గుంపులుగా పెడుతుంది. ఎనిమిది నుంచి పదకొండు రోజుల్లో పొదుగుతాయి.

మృగశిర, ఆరుద్ర: బెరడును సిద్ధం చేయడం

మొదటి వానలకు ముందు వదులైన పాత బెరడు పొరలు గోనెతో రాసి తీసేశాం. జామ తనంతట తానే పొరలు విడుస్తుంది, ఊడేదే తీయాలి, గీకకూడదు. కొమ్మ చీలికలకు, పాత కోతలకు బోర్డో పేస్టు. నల్లతుమ్మకు ఈ పని సాధ్యం కాదు, దాని బెరడంతా పగుళ్లే. అందుకే దాన్ని స్వాతిలో తుడిచి చూసే జాబితాలో మొదటి వరుసలో పెట్టాం.

చెట్ల మధ్య గాలి, వెలుతురు ఆడని పాత తోటల్లోనే ఈ పురుగు ముదురుతుంది. కిందికి వాలిన, ఒకదానిమీదొకటి పడిన కొమ్మలు ఈ కార్తెలోపే తీసేయాలి.

మఖ, పుబ్బ: సన్న పట్టీలు

ఇప్పటి పట్టీ వేలెడు పొడవు కూడా ఉండదు. పురుగు ఇంకా చెక్కలోకి లోతుగా దిగలేదు. గోనెతో గట్టిగా తుడిస్తేనే చాలా పిల్లపురుగులు పోతాయి, తీగ కూడా అక్కర్లేదు. వానలో బెరడు తడిసి పట్టీ రంగు దానితో కలిసిపోతుంది కాబట్టి ఎండ పడ్డ మధ్యాహ్నం చూడాలి.

ఈ తేమలోనే బవేరియా బాసియానా అనే శిలీంధ్రం పనిచేస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల పొడి కలిపి, పట్టీ తీసేశాక రంధ్రం మూతిలోకి, చుట్టూ సాయంత్రం పూట పిచికారీ. బోర్డో పేస్టు పూసిన చోట ఇది వాడకూడదు, పేస్టులోని రాగి ఆ శిలీంధ్రాన్నీ చంపేస్తుంది. ఒక చోట రెండిట్లో ఒకటే. పేస్టు లేని చోట వానాకాలం బవేరియా, వానలకు ముందూ ఆగాకా బోర్డో అని విడదీసుకున్నాం. ఎండాకాలంలో బవేరియా కొనడం డబ్బు దండగ.

గట్టు మీది తుమ్మల్లో బంగారు వీపు వడ్రంగిపిట్టలు తిరుగుతున్నాయి. అవి పొడిచిన రంధ్రాల మూతి చింపినట్టు వెడల్పై ఉంటుంది, పట్టీ ఉండదు. అలాంటి వాటికి దూది పెట్టలేదు, పేస్టు పూసి వదిలేశాం. ఎండిన తుమ్మ మోడు ఒకటి పిట్టల గూటి కోసం అలాగే ఉంచాలని నిర్ణయించాం. ఈ పురుగు వేల ఏళ్లుగా మన చెట్ల మీద ఉంది, దాన్ని తినేవీ ఉన్నాయి. తోట దాని లెక్కను తట్టుకునే స్థాయికి దించడమే పని, చెట్లన్నిటి మీదా ఒక్కటీ లేకుండా చేయడం కాదు.

హస్త కార్తె: ప్రస్తుత స్థితి

నిరుడు సున్నం గీతలు పెట్టిన చెట్లన్నీ మళ్లీ చూశాం. జామలో తీగతో చంపిన రంధ్రాల చుట్టూ కొత్త బెరడు అంచుల నుంచి లోపలికి కమ్ముకుంటోంది. సగం కంటే తక్కువ తిన్న కొమ్మలు బాగానే చిగురించాయి. కొత్త పట్టీలు ఎక్కువగా దారి వైపు వరుసలోనే ఉన్నాయి, అంటే తురాయి చెట్ల పక్కన. ఆ తురాయిల్లో పై కొమ్మలు నిచ్చెనకు అందనివి, నిరుడు వదిలేసినవే. స్వాతి రాకముందే వాటి ఎండు కొమ్మలు కొట్టించాలి. పొడవు వెదురు గడకు స్పోకు కట్టి పై రంధ్రాలకు తీగ ఆడేలా చేయాలి, గోనె తుడుపుకూ అలాంటి గడే ఇంకోటి కావాలి. దారి వైపు మొదటి రెండు జామ వరుసలను ఈసారి వారానికోసారి తుడిచి చూడాలి, మిగతా తోటకు స్వాతిలో ఒకసారి, విశాఖలో ఒకసారి సరిపోతుంది.